ఇంటి దారిలో ఆగిన చోట్లు

ప్రయాణమంటే గమ్యం చేరడమేనని ఈనాటి రహదారులు మనకు నేర్పుతున్నాయి. నాలుగు వరుసల బాట ఊరిని తప్పించుకొని పోతుంది. ఊరి పేరు ఒక్కసారి ఆకుపచ్చ బోర్డుమీద కనిపించి వెనుకకు జరిగిపోతుంది. ఫాస్టాగ్ వచ్చిన తరువాత టోలు గేటు దగ్గర చిల్లర కోసం నిలబడే అవసరం కూడా తీరింది. వృత్తిరీత్యా ఇంజనీరును కనుక ఈ ప్రగతిని నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే రహదారిని వేసేది ప్రభుత్వమైనా, దాని పక్కన ఏది నిలవాలో నిర్ణయించేది చాలాసార్లు ప్రజలే. ఎవరి దుఃఖమో, ఎవరి నమ్మకమో, ఎవరో సగంలో వదిలిన పనో దారి అంచున ఒక వింతగా నిలిచిపోతుంది. అటువంటి చోట్లు కొన్నింటిని చూసే అవకాశం గత ఫిబ్రవరిలో మాకు కలిగింది. సహోద్యోగ మిత్రులతోను, వారి కుటుంబాలతోను ఆ అనుభవాన్ని పంచుకోవాలని ఈ ప్రయత్నం.

జోధ్‌పూర్‌లో నాలుగు సంవత్సరాలు పనిచేసిన పిమ్మట నాకు స్వరాష్ట్రానికి బదిలీ అయినది. ఉద్యోగ జీవితంలో ఇదే చివరి బదిలీ. సామానుతోపాటు కారును కూడా లారీకి ఎక్కించి, మమ్మల్ని విమానంలో రమ్మని పిల్లలు సలహా చెప్పారు. మా శ్రీమతి మాత్రం, "ఇన్నేళ్ళూ రైలు కిటికీలోంచి చూసిన దేశాన్ని ఒక్కసారి నేలమీద నిలబడి చూద్దామండీ" అన్నది. జోధ్‌పూర్ నుండి అనంతపురంలోని మా ఇంటికి సుమారు రెండు వేల కిలోమీటర్లు. నాలుగు రోజులకు కాగితం మీద పట్టిక వేసుకొన్నాము. ఆరు రోజులు పట్టింది. అదనంగా పట్టిన ఆ రెండు రోజుల కథే ఈ వ్యాసం.

మోటారు సైకిలుకు మొక్కు

జోధ్‌పూర్ నుండి పాలీ వెళ్ళే రహదారిపై, పాలీ ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా చోటిలా అనే గ్రామం వస్తుంది. అక్కడ లారీలు, బస్సులు, కార్లు వరుసగా పక్కకు ఆగి ఉండడం చూసి ప్రమాదమేదో జరిగిందనుకొన్నాము. దిగి చూస్తే గుడి. గుడిలో గాజు పలకల నడుమ ఉన్నది ఒక బుల్లెట్ మోటారు సైకిలు! నంబరు పలక మీద 7773 అన్న అంకెలు. హ్యాండిలుకు పూలదండలు, ఎదుట అగరువత్తులు, కొబ్బరికాయలు. కొందరు భక్తులు మద్యం కూడా నివేదిస్తారు. పక్కనున్న చెట్టుకు ఎర్రని దారాలు చుట్టి ఉన్నాయి.

కొన్ని దశాబ్దాల క్రిందట ఓం బన్నా అనే యువకుడు ఈ వాహనం మీద వెళుతూ ఆ చెట్టుకు గుద్దుకొని మరణించాడు. 'బన్నా' అన్నది అక్కడ రాజపుత్ర యువకులను ఆదరంగా పిలిచే మాట. పోలీసులు మోటారు సైకిలును ఠాణాకు తీసుకొనిపోగా, మరునాడు అది మళ్ళీ ప్రమాద స్థలంలోనే కనిపించిందని, పెట్రోలు తీసివేసి గొలుసు వేసినా తిరిగి అక్కడికే వచ్చిందని జనం చెప్పుకొంటారు. ఆ విధంగా అది 'బుల్లెట్ బాబా' అయింది.

కథ నిజానిజాలు విచారించే పని నేను పెట్టుకోలేదు. నన్ను ఆకర్షించినది అక్కడి డ్రైవర్ల నడవడి. లారీ ఆపుతున్నారు, దిగుతున్నారు, ముఖం కడుక్కొని దండం పెట్టి, టీ తాగి, ఒళ్ళు విరుచుకొని మళ్ళీ ఎక్కుతున్నారు. "ఇక్కడ ఆగకుండా పోతే ఇల్లు చేరమని మా నమ్మకం సాబ్" అన్నాడొక డ్రైవరు. మన దేశంలో 2022వ సంవత్సరం ఒక్కదానిలోనే రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ లెక్క. వీరందరూ ఎక్కడికో చేరవలసినవారే. కునికిపాట్లు పడుతున్న డ్రైవరును పది నిమిషాలు నేలమీద నిలబెట్టడం ఎంత కష్టమో మన రవాణా విభాగం మిత్రులకు తెలుసు. ఎన్ని హెచ్చరిక బోర్డులు పెట్టినా చేయలేని ఆ పనిని ఇక్కడ ఒక పాత మోటారు సైకిలు చేస్తున్నది. మేమూ టీ తాగి, దండం పెట్టుకొని బయలుదేరాము.

అత్తవారింట దశకంఠుడు

ఆ రాత్రి చిత్తోడ్‌గఢ్‌లో బస చేసి, మరునాడు నీమచ్ మీదుగా మధ్యప్రదేశ్‌లో ప్రవేశించాము. మంద్‌సౌర్ పట్టణంలోని ఖాన్‌పురా అనే పేటలో పది తలల రావణుని పెద్ద విగ్రహం ఉన్నది. ఇది దసరాకు తగులబెట్టే కాగితపు బొమ్మ కాదు, ఏడాది పొడవునా నిలిచి ఉండేది. మండోదరి పుట్టినిల్లు ఈ ఊరేనని స్థానికుల విశ్వాసం. ఆ లెక్కన రావణుడు ఊరి అల్లుడు. అందువల్ల నామ్‌దేవ్ సమాజపు స్త్రీలు ఆ విగ్రహం ముందు నుండి వెళ్ళేటప్పుడు, అల్లుని ఎదుట పాటించే మర్యాద ప్రకారం, ముఖానికి ముసుగు దించుకొంటారు.

మా శ్రీమతి ఆ విగ్రహాన్ని కొంతసేపు చూసి, "అల్లుడికి పండుగ మర్యాద చేయాలంటే ఈ ఊరివాళ్ళు పది తలపాగాలు కొనాలి పాపం" అన్నది. లోకమంతా దుష్టుడన్నా అల్లుడు అల్లుడే. ఈ ధర్మం మన గోదావరి జిల్లాలవారికి వేరే చెప్పవలసిన అవసరం లేదు.

జరిగిపోయే గీత

భోపాల్‌లో ఒక పాత మిత్రుని ఇంట రెండు రాత్రులు ఉన్నాము. మధ్యలోని పగలు సాంచీ స్తూపాన్ని చూడడానికి వెళుతుండగా, దారిలో రోడ్డుకు అడ్డంగా గీతలు, పక్కన ఒక చిన్న అరుగు, దానిపైన 'కర్క రేఖ' అన్న అక్షరాలు కనిపించాయి. చిన్ననాటి భూగోళం పుస్తకంలో చుక్కలుగా చూసిన కర్కాటక రేఖ అది! ఒక కాలు గీతకు అటు, ఒక కాలు ఇటు వేసి ఫోటోలు దిగేవారితో అక్కడ సందడిగా ఉన్నది. గీతకు ఉత్తరాన సమశీతోష్ణ మండలం, దక్షిణాన ఉష్ణ మండలం. ఒక తల్లి తన కుమారుని, "ఇటు వస్తే వేడిగా ఉందా?" అని అడగగా, వాడు రెండు వైపులా గెంతి చూసి, "రెండూ ఒక్కటే" అని తీర్పు చెప్పాడు.

ఏటా జూన్ 21 ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నిలిచే ఉత్తరపు హద్దు ఇది. మన దేశంలో గుజరాత్ నుండి మిజోరం వరకు ఎనిమిది రాష్ట్రాల గుండా పోతుంది. అయితే పిల్లల పుస్తకాలలో సాధారణంగా చెప్పని సంగతి ఒకటున్నది. ఈ రేఖ స్థిరమైనది కాదు. భూమి అక్షం వంపు సుమారు 41,000 సంవత్సరాల కాలచక్రంలో స్వల్పంగా పెరుగుతూ, తరుగుతూ ఉంటుంది. ప్రస్తుతం తరుగుతున్న దశ. దాని ఫలితంగా కర్కాటక రేఖ ఏటా దాదాపు 15 మీటర్ల చొప్పున దక్షిణానికి జరుగుతున్నది. నేను ఉద్యోగంలో చేరి ముప్పై సంవత్సరాలు దాటింది. నేను చేరిననాడు ఎవరైనా కచ్చితంగా కొలిచి రోడ్డు మీద గీత గీసి ఉంటే, అసలు రేఖ ఈపాటికి దానిని విడిచి నాలుగు వందల యాభై మీటర్లకు పైగా పోయి ఉండేది.

ఈ లెక్క చెప్పగానే మా శ్రీమతి నవ్వి, "మనతోపాటు అది కూడా దక్షిణాదికి బదిలీ అయిందన్నమాట" అన్నది.

ఆగిపోయిన గుడి

నాలుగవనాటి ఉదయం భోపాల్ విడిచి, దక్షిణ దిశగా పోతూ కొంచెం పక్కకు తిరిగి భోజ్‌పూర్ చేరుకొన్నాము. భోజరాజు అనగానే మనకు కాళిదాసు కథలు గుర్తుకు వస్తాయి. పదకొండవ శతాబ్దంలో మాళవాన్ని పాలించిన ఆ పరమార ప్రభువు వాస్తుశాస్త్రంలోను దిట్ట. 'సమరాంగణ సూత్రధార' అనే ప్రసిద్ధ గ్రంథం ఆయనదే అంటారు. బేత్వా నది ఒడ్డున ఆయన కాలంలో ఆరంభమైన శివాలయం ఇక్కడ ఉన్నది. ఆలయం పూర్తి కాలేదు. లోపలి శివలింగం ఒక్కటే ఏడున్నర అడుగుల ఎత్తు. దాని క్రింది పీఠం మన తలలకు ఎంతో పైన ఉంటుంది.

గుడి ఎంత గొప్పదైనా, నన్ను కట్టిపడవేసినవి దాని వెలుపల ఉన్నాయి. గుడి వెనుక ఏటవాలుగా పెద్ద కట్ట ఒకటి ఉన్నది. బరువైన రాళ్ళను పైకి చేర్చడానికి ఆనాటివారు వేసుకొన్న దారి అది. మామూలుగా పని ముగిసిన వెంటనే ఇటువంటి కట్టను తవ్వి తీసివేస్తారు. ఇక్కడ పని ముగియలేదు కనుక కట్ట మిగిలింది. చుట్టుపక్కల బండల మీద స్తంభాల, గోపురాల, ఆలయ విభాగాల నమూనాలు గీతలుగా చెక్కి ఉన్నాయి. వాటిని చూడగానే అవి డ్రాయింగులని నాకు స్ఫురించింది. మనం సైటు కార్యాలయంలో బల్లమీద పరచుకొనే కాగితాలను వారు బండమీద చెక్కుకొన్నారు. మేస్త్రి ఎండలో ఆ బండ పక్కన కూర్చుని కొలత సరిచూసుకొని ఉంటాడు. వెయ్యి సంవత్సరాలకు పూర్వపు నిర్మాణ స్థలం పని ఆపిన రోజున ఎలా ఉన్నదో ఇంచుమించు అలాగే మన ముందు ఉండడం అరుదైన విషయం. పూర్తయిన గుడి కట్టించినవాని పేరు చెబుతుంది. పూర్తికాని ఈ గుడి మాత్రం కట్టినవారి పద్ధతిని చెబుతున్నది.

పని ఎందుకు ఆగిందన్న దానిపై పలు ఊహలున్నాయి. రాజు మరణమో, యుద్ధమో, నిధుల కొరతో కావచ్చును. మన ప్రాజెక్టుల ఫైళ్ళలో కనిపించే కారణాలకు ఇవి దూరమైనవేమీ కావు. నేను ఆ బండల దగ్గర గంటకు పైగా గడిపాను. చెప్పుల జతలు లెక్కపెడుతూ కూర్చున్నానని మా శ్రీమతి తరువాత అందరికీ చెప్పింది.

ఆ రాత్రి నాగపూర్ చేరి, రోజూ చేసినట్లే అనంతపురానికి ఫోను చేశాము. ఎనభై నాలుగేళ్ళ మా అమ్మగారికి కిలోమీటర్ల లెక్క పట్టదు. "యాడిదంకా వచ్చినార్రా?" అని అడుగుతుంది. మేము ఊరి పేరుతోపాటు ఆనాడు చూసిన వింతను కూడా చెప్పాలి. బుల్లెట్ బాబాను విన్ననాడు ఆమె, "ఆ పిల్లోని తల్లి ఉండాదా?" అని అడిగింది. అంత పెద్ద సందడిలో మాకు ఆ ప్రశ్న తోచనే లేదు. భోజ్‌పూర్ సంగతి విన్న తరువాత, "సగంలో వదిలేసి యాడికి పోయినారో పాపం" అన్నది.

కొలిచినవాడు ఆగిన చోటు

నాగపూర్‌లో శాసనసభ భవనానికి దగ్గరలో 'జీరో మైల్' అనే స్మారకం ఉన్నది. ఇసుకరాతి స్తంభం, దాని చెంత నాలుగు గుర్రాల బొమ్మలు. దేశానికి సరిగ్గా నడిబొడ్డు ఇదేనని నగరవాసులు గర్వంగా చెబుతారు. 1907లో సర్వే శాఖవారు ఎత్తుల లెక్కకు ప్రమాణంగా నిలిపిన బిందువు ఇది. సముద్రమట్టం నుండి 1020.171 అడుగులని, అంటే సుమారు 311 మీటర్లని, చెక్కి ఉన్నది. అడుగులో వెయ్యో వంతు వరకు రాతిమీద వ్రాసుకొన్న ఆ పట్టుదలను చూసి ఏ ఇంజనీరు అయినా నమస్కరిస్తాడు. స్తంభంపై వివిధ ఊళ్ళకు దూరాలు కూడా ఉన్నాయి. వాటిలో హైదరాబాదు 318 మైళ్ళు, అనగా 512 కిలోమీటర్లు. నేటి రహదారి లెక్క కూడా దానికి దగ్గరగానే వస్తుంది.

నాగపూర్ నుండి హైదరాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారిపై సుమారు డెబ్బై అయిదు కిలోమీటర్లు వెళితే హింగణ్‌ఘాట్ అనే పట్టణం వస్తుంది. బైపాసు మీద పోయేవారికి అది ఒక పేరు మాత్రమే. ఊరిలోకి వెళ్ళి, నలుగురిని అడిగి, వెదుక్కొంటే విలియం లాంబ్టన్ అనే ఆయన సమాధి కనిపిస్తుంది. భారతదేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచిన మహాసర్వేను ఆరంభించినవాడు ఈయనే. 1802 ఏప్రిల్‌లో మద్రాసు దగ్గర నూరడుగుల ఉక్కు గొలుసుతో మొదటి ఆధార రేఖను కొలిచి పని మొదలుపెట్టాడు. ఆయన వెంట తిరిగిన థియోడొలైటు అర టన్ను బరువు. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు జారి అది దెబ్బతినగా, గుడారంలో కూర్చుని వారాల తరబడి తన చేతులతో సరిచేసుకొన్నాడు. ఇరవై సంవత్సరాలకు పైగా అలా ఉత్తరానికి కొలుచుకొంటూ వచ్చి, తన శిబిరాన్ని హైదరాబాదు నుండి నాగపూర్‌కు తరలిస్తూ 1823 జనవరిలో ఇక్కడ కన్నుమూశాడు. ఆయన తరువాత పని కొనసాగించిన జార్జ్ ఎవరెస్ట్ పేరు ప్రపంచంలోని అత్యున్నత శిఖరానికి వచ్చింది. ఆరంభించినవాని పేరు ఆయన సమాధి ఉన్న ఊరిలోనే అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

పరాయి పాలకుల అవసరాల కోసం సాగిన సర్వే అది, సందేహం లేదు. కానీ మన పటాలకు పునాది వేసినవి ఆ కొలతలే. గొలుసులు మోసినవారు, జెండాలు పట్టి కొండలెక్కినవారు, అడవి జ్వరాలతో రాలిపోయినవారు అత్యధికులు మన దేశస్థులే. వారికి సమాధి కూడా లేదు. మేము వెంట తెచ్చుకొన్న పూలను అక్కడ ఉంచి, మనసులో వారిని కూడా తలచుకొన్నాము.

కదిలి వచ్చిన గుడి

ఆదిలాబాదు అడవులు దాటి, నిర్మల్‌లో పొనికి చెక్కతో చేసిన బొమ్మలు కొని, ఆ రాత్రికి హైదరాబాదు చేరాము. ఆరవనాడు కర్నూలు వైపు పోతూ అలంపూర్ చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగాము. అలంపూర్ జోగులాంబ అమ్మవారిని, బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలను ఎరుగని తెలుగువారు తక్కువ. అక్కడే ఉన్న సంగమేశ్వరాలయం మాత్రం ఆ ఊరిది కాదన్న సంగతి చాలామందికి తెలియదు. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉండిన ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని, రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, తీసుకొనివచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి ఆలయ సముదాయాన్ని కూడా ఇదే విధంగా తరలించారు. గోడల చుట్టూ తిరిగి అతుకులు ఎక్కడైనా తేడాగా ఉన్నాయేమోనని పరిశీలించాను. తెలియనివారు చూస్తే పదమూడు శతాబ్దాలుగా అది అక్కడే ఉన్నదనుకొంటారు.

గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. వారి ఊరు కూడా జలాశయంలోనే పోయిందట. "గుడి రాళ్ళకు నంబర్లేసి తెచ్చినారు సార్. మా ఇండ్ల రాళ్ళకు ఎవురేస్తారు?" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, మామూలుగా చెప్పాడు. ఆ జలాశయం క్రింద నూరుకు పైగా గ్రామాలు మునిగాయి. దాని విద్యుత్తుతో మన ఫ్యాక్టరీలు నడిచాయి, దాని నీటితో పొలాలు పండాయి. ఆ ప్రయోజనం ఎంత నిజమో, ఆ పెద్దాయన మాట కూడా అంతే నిజం. ఒక గుడిని రాయి రాయిగా విప్పి, ఒక్క రాయి తప్పిపోకుండా తిరిగి కట్టగలిగిన నేర్పు మనకున్నది. ఒక ఊరిని, దానిలోని ఇరుగుపొరుగును, అంత శ్రద్ధగా విప్పి మళ్ళీ కట్టే నేర్పు మనం ఇంకా సంపాదించవలసి ఉన్నది. భూసేకరణ కాగితాల మీద సంతకాలు చేసే మాబోటివారు ఆ అరుగు మీద ఒక పూట కూర్చోవడం మంచిది.

సాయంత్రానికి గుత్తి కోట కనిపించింది. హింగణ్‌ఘాట్‌లో చూసి వచ్చిన లాంబ్టన్ 1811లో ఒక ఆధార రేఖను కొలిచినది ఈ గుత్తి దగ్గరే. మాకు రెండు రోజులు పట్టిన దూరాన్ని ఆయన గొలుసుతో, త్రిభుజాలతో కొలుస్తూ దాటడానికి పన్నెండు సంవత్సరాలు పట్టింది. నేను పుట్టి పెరిగిన జిల్లాలో ఈ విషయం నాకు ఏ బడిలోను ఎవరూ చెప్పలేదు. అంత దూరం వెళ్ళి, ఒక సమాధి ముందు నిలబడి, తిరిగి వచ్చిన తరువాతనే మా గుత్తి కొండకు కొత్త అర్థం తోచింది.

మిత్రులకు కొన్ని సూచనలు

బదిలీ మీదనో, పదవీ విరమణ అనంతరమో స్వస్థలానికి వెళ్ళే మిత్రులు వీలైతే ఒక్కసారి రోడ్డు మార్గాన వెళ్ళవలసిందిగా నా మనవి. రోజుకు మూడు వందల యాభై, నాలుగు వందల కిలోమీటర్లకు మించి పెట్టుకోవద్దు. మాకు నాగపూర్ – హైదరాబాదు రోజు ఆ హద్దు బాగా దాటింది, ఆనాటి అలసట అందరికంటే ఎక్కువ. రాత్రి ప్రయాణం వద్దు. రెండు గంటలకొకసారి బండి దిగండి. దిగిన చోట టీ కొట్టువానిని, "ఈ ఊళ్ళో చూడవలసినది ఏమున్నది?" అని అడగండి. ఏమీ లేదని మొదట అంటాడు. టీ చల్లారేలోగా ఏదో ఒకటి చెబుతాడు. పిల్లలు వెంట ఉంటే దూరాలను, ఎత్తులను, తేదీలను ఒక నోటు పుస్తకంలో వారి చేతనే వ్రాయించండి. పూజా స్థలాలలో అక్కడి మర్యాద పాటించండి. నమ్మకం మనది కాకపోయినా, దాని వెనుక ఉన్న బాధ మనుషులందరిదీ.

మంచి రహదారి మనలను త్వరగా ఇల్లు చేరుస్తుంది. ఆ దారిలో ఇల్లు చేరలేకపోయినవారు, పని ముగించలేకపోయినవారు, ఊరు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారని దాని పక్కనున్న ఈ చిన్న చిన్న చోట్లు గుర్తు చేస్తాయి. అవి గుర్తున్నవాడు కొంచెం నెమ్మదిగా బండి నడుపుతాడు, కొంచెం జాగ్రత్తగా రోడ్డు వేస్తాడు.